బోరు నీళ్ల టీడీఎస్ 850 ఉంటే ఫిష్ ట్యాంకు కోసం విడిగా ఆర్‌ఓ కొనాలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీరుండేది నిజాంపేట వైపు అపార్ట్‌మెంటు. వాడకానికి వచ్చేవి బోరు నీళ్లు, మీ మీటరులో టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 850 చూపించింది. ట్యాంకు 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అందులో గప్పీలు, నియాన్ టెట్రాలు ఉన్నాయి. గప్పీలు బాగానే ఉన్నాయి, టెట్రాలు మాత్రం వారానికి ఒకటో రెండో చచ్చిపోతున్నాయి. షాపాయన "నీళ్లు బాలేవు, ఆక్వేరియానికి సెపరేట్‌గా ఆర్‌ఓ పెట్టించండి" అన్నారు. పెట్టించాలా, పెట్టిస్తే ఎలాంటిది కొనాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే ఇప్పుడే ఏమీ కొనకండి. వంటింట్లో ఉన్న ఆర్‌ఓ మీ ట్యాంకుకు సరిపోతుంది. ఆ నీళ్లను బోరు నీళ్లతో లెక్క ప్రకారం కలిపి వాడండి. పూర్తిగా ఆర్‌ఓ నీళ్లే పోస్తే టెట్రాల సంగతి ఎలా ఉన్నా గప్పీలకు ఇబ్బంది మొదలవుతుంది. ఇక టెట్రాలు చావడానికి కారణం టీడీఎస్సే అని కూడా నేను అనుకోవడం లేదు. ఎందుకో కింద చెప్తాను.

నేను హైదరాబాదులో ఇళ్లలో, ఆఫీసుల్లో ట్యాంకులు పెట్టి నెలనెలా సర్వీసు చేస్తుంటాను. అంతకుముందు ఆర్‌ఓ మెషీన్లు బిగించే పని చేశాను కాబట్టి రెండు వైపుల సంగతీ తెలుసు. మనుషులు తాగే నీళ్లు, చేపలు బతికే నీళ్లు ఒకటే అన్న అభిప్రాయం చాలామందికి ఉంటుంది. ఆర్‌ఓ కంపెనీలు మెషీన్ తయారు చేసేది మన నోటి రుచికి, మన ఆరోగ్యానికి. చేప ఇరవై నాలుగు గంటలూ ఆ నీళ్లలోనే ఉంటుంది, మొప్పలతో ఆ నీళ్లలోంచే లవణాలు తీసుకుంటుంది. దానికి కావలసింది "స్వచ్ఛమైన" నీళ్లు కాదు. తన జాతికి సరిపడే ఖనిజాలుండి, వారం వారం మారకుండా ఒకేలా ఉండే నీళ్లు.

ముందు నీళ్లను కొలవండి, తర్వాతే మెషీన్ గురించి ఆలోచించండి

టీడీఎస్ మీటరు ఒక్కటే సరిపోదు. అది నీళ్లలో మొత్తం ఎంత కరిగి ఉందో చెప్తుంది గానీ ఏం కరిగి ఉందో చెప్పదు. 850లో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటే ఒక కథ, ఉప్పు ఎక్కువ ఉంటే ఇంకో కథ. అందుకే జీహెచ్, కేహెచ్ చుక్కల టెస్ట్ కిట్లు తెచ్చుకోండి. జీహెచ్ అంటే కాల్షియం, మెగ్నీషియంల వల్ల వచ్చే కాఠిన్యం. కేహెచ్ అంటే బైకార్బొనేట్లు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) పడిపోకుండా పట్టి ఉంచేవి ఇవే. రెండింటికీ 1 డిగ్రీ అంటే లీటరుకు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానం. మన భారతీయ ప్రమాణాల్లో తాగునీటికి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 600 దాకా పర్వాలేదని ఉంది. అంటే డిగ్రీల్లో 11 నుంచి 33 దాకా. నగరం పశ్చిమ వైపు బోర్లలో నాకు తరచూ తగిలేది జీహెచ్ 20 పైమాటే. కుళాయిల మీద తెల్లటి పొర కట్టడం, సబ్బు నురగ రాకపోవడం దీనివల్లే.

దాంతోపాటు అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ కిట్లు కూడా కొనండి. చేపల మలినం నుంచి అమ్మోనియా పుడుతుంది, ఫిల్టరులోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మీ విషయంలో ఇవే ముఖ్యం.

పీహెచ్ కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. బోరులోంచి అప్పుడే పట్టిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, అందుకే పీహెచ్ తక్కువ చూపిస్తుంది. బకెట్లో పట్టి ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి ఒక రోజు ఉంచి అప్పుడు కొలవండి. 7.2 చూపించిన నీళ్లు మర్నాటికి 8 దాటడం నేను చాలా ఇళ్లలో చూశాను. చేప బతికేది ఆ రెండో అంకెలో.

టెట్రాలు ఎందుకు పోతున్నాయి?

నియాన్ టెట్రా మెత్తటి నీళ్ల చేపే. దాని పుట్టిల్లు అమెజాన్ ప్రాంతం, అక్కడి నీళ్లలో ఖనిజాలు నామమాత్రం. కానీ మన షాపులకు వచ్చేవన్నీ ఫారాల్లో పెంచినవి. ఎక్కువ భాగం చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో సంచుల్లో ప్రయాణం చేసి వస్తాయి. షాపు తొట్టిలో రెండు రోజులు కూడా ఉండకముందే మళ్లీ సంచీలో పడి మన ఇంటికి చేరతాయి. అప్పటికే అలిసిపోయి ఉంటాయి. వాటిని కొత్త ట్యాంకులో వేస్తే అక్కడ బ్యాక్టీరియా ఇంకా పెరగలేదు కాబట్టి అమ్మోనియా కాచుకుని ఉంటుంది.

ఇక్కడ పీహెచ్ పాత్ర పెద్దది. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి విషం, ఇంకోటి అంత హాని లేనిది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర విషపు రూపం మొత్తంలో అర శాతానికి కాస్త పైన. అదే పీహెచ్ 8 అయితే 5 శాతం పైచిలుకు. అంటే టెస్ట్ కిట్ అదే అంకె చూపిస్తున్నా, బోరు నీళ్ల ట్యాంకులో విషం దాదాపు పది రెట్లు. గప్పీలు గట్టి పిండాలు, కొన్నాళ్లు తట్టుకుంటాయి. టెట్రాలు తట్టుకోలేవు.

ట్యాంకు పెట్టి ఎంత కాలమైందో మీరు రాయలేదు. రెండు నెలల లోపు అయితే ముందు అమ్మోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉండాలి. లేకపోతే ఎన్ని వేల రూపాయల ఆర్‌ఓ పెట్టినా చేపలు చస్తూనే ఉంటాయి. చేపల మలినాన్ని శుభ్రం చేసేది ట్యాంకులో ఉండే ఫిల్టరు, అందులో స్పాంజికి పట్టే బ్యాక్టీరియా. ఆర్‌ఓ చేసేది లోపలికి పోసే నీళ్లను తయారు చేయడం వరకే. ఒకటి ఇంకోదాని పని చేయదు.

ఇంకో మాట. ఎవరైనా పీహెచ్ తగ్గించే మందు సీసా అంటగడితే తీసుకోకండి. కేహెచ్ ఎక్కువున్న నీళ్లలో ఆ మందు పోస్తే పీహెచ్ దిగుతుంది, మర్నాటికి మళ్లీ ఎక్కుతుంది. ఈ ఊగులాట 8 దగ్గర నిలకడగా ఉండడం కంటే చేపకు ఎక్కువ చేటు.

ఏ చేపకు ఏ ఏర్పాటు

మీలాగే ఈ ప్రశ్న ఇంకా చాలామందికి ఉంటుంది కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను.

గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్, గోల్డ్‌ఫిష్, ఫైటర్ పెంచేవాళ్లకు ఆర్‌ఓ అక్కర్లేదు. గప్పీ, మోలీలకు కాల్షియం ఉన్న గట్టి నీళ్లే ఇష్టం. మట్టి పట్టే సెడిమెంట్ ఫిల్టరు ఒకటి, కార్బన్ ఫిల్టరు ఒకటి ఉన్న మామూలు రెండు హౌసింగుల సెట్టు చాలు. బోరు నీళ్లే అయితే ఆ కార్బన్ కూడా తప్పనిసరి కాదు. డ్రమ్ములో పట్టి ఒక రాత్రి ఎయిర్ పంపు పెట్టి వాడితే చాలు. ఇనుము ఉండి బకెట్లకు గోధుమ రంగు మరక పట్టే నీళ్లయితే ఆ గాలికి ఇనుము అడుగున దిగుతుంది. పైన తేరిన నీళ్లను స్పన్ ఫిల్టరు (సెడిమెంట్ ఫిల్టరు) గుండా పంపండి.

ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా సరస్సుల సిక్లిడ్ చేపలకైతే మన బోరు నీళ్లు వరం లాంటివి. ఆ సరస్సుల పీహెచ్ 8 దగ్గర, 8 పైన ఉంటుంది. పసుపు, నీలం, నారింజ రంగుల్లో అవి సముద్రపు చేపలకేం తీసిపోవు. గట్టి బోరు నీళ్లున్న ఇంటికి వెళ్లి ట్యాంకు పెట్టమంటే నేను మొదట చెప్పేది వీటి గురించే. నీళ్లను చేపకు తగ్గట్టు మార్చడం కంటే నీళ్లకు తగ్గ చేపను తెచ్చుకోవడం తేలిక, చవక కూడా.

టెట్రాలు, రాస్బోరాలు, యాంజెల్, మొక్కల ట్యాంకు అయితే ఆర్‌ఓ నీళ్లు, బోరు నీళ్లు కలిపి వాడాలి. డిస్కస్, అందులోనూ పిల్లలు చేయించాలనుకుంటే, ఆర్‌ఓ వాటా బాగా పెంచాలి. క్రిస్టల్ రెడ్ లాంటి రొయ్యలకు పూర్తి ఆర్‌ఓ నీళ్లు తీసుకుని వాటికోసం అమ్మే ఖనిజాల పొడి కలిపి జీహెచ్ 4 నుంచి 6, కేహెచ్ 0 నుంచి 1 మధ్య ఉంచాలి. చెర్రీ రొయ్యలు అంత సున్నితం కాదు, టీడీఎస్ 150 నుంచి 300 మధ్య, జీహెచ్ 6 నుంచి 12 దాకా హాయిగా ఉంటాయి.

సముద్రపు చేపలు, పగడాల ట్యాంకుకు ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ ఉండాలి, టీడీఎస్ సున్నా రావాలి. అందులో మినహాయింపు లేదు.

నల్లా నీళ్లు వచ్చే ఇళ్ల సంగతి వేరు

మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఇళ్లలో నా మీటరు ఎక్కువసార్లు చూపించేది 200 నుంచి 350 మధ్య. ఆ నీళ్లకు డిస్కస్ పిల్లలు చేయించేవాళ్లు, సున్నితమైన రొయ్యలు పెంచేవాళ్లు తప్ప ఇంకెవరూ ఆర్‌ఓ పెట్టక్కర్లేదు. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట తాగేందుకు కూడా ఆర్‌ఓ వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది, నీళ్ల వృథా చూసే ఆ మాట అన్నది. ఈ ఇళ్లలో ఇబ్బంది క్లోరిన్. దాన్ని తీసేయడానికి మంచి కార్బన్ బ్లాక్ చాలు. లేదా ఒక రోజంతా ఎయిర్ స్టోన్ వేసి ఉంచాలి. లేదా సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు వాడాలి. 1 వంతు క్లోరిన్‌కు 7 వంతులు థయోసల్ఫేట్ అని లెక్క. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 40 లీటర్ల నీళ్లకు దాదాపు 280 మిల్లీగ్రాములు, అంటే పావు గ్రాము పైన కాస్త.

మీది బోరు అని క్లోరిన్ గురించి పట్టించుకోకుండా ఉండకండి. అపార్ట్‌మెంటులో సంపు కడిగిన రోజు, ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగిన రోజు నీళ్లు మార్చకండి. వాచ్‌మన్ బ్లీచింగ్ పౌడర్ దోసిళ్లతో వేస్తాడు, దానికి కొలత ఉండదు. వాచ్‌మన్‌కో అసోసియేషన్ వాళ్లకో ముందే చెప్పి పెట్టుకోండి, కడిగే ముందు రోజు ఒక మాట చెప్పమని. వేసవిలో ట్యాంకరు నీళ్లు దిగినా ఇదే జాగ్రత్త. ఏ బోరువో తెలియదు, అందులో ఏం వేశారో తెలియదు. ఆ రోజు టీడీఎస్ చూసి, తేడా ఎక్కువుంటే రెండు రోజులు ఆగండి.

అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్లకు ఒక మాట: డల్లాస్, శాన్ ఫ్రాన్సిస్కో లాంటి చోట్ల క్లోరిన్ బదులు క్లోరమైన్ వాడతారు. అది ఒక రోజు గాలి పట్టిస్తే పోయేది కాదు. దానికి తగిన కండిషనరు వాడాలి, ఆర్‌ఓ పెడితే క్లోరమైన్‌ను పట్టగల కార్బన్ ముందు ఉండాలి.

సాఫ్ట్‌నర్ ఉందా? ముందు అది కనుక్కోండి

ఇది చాలామంది అడగరు, అడిగి తీరాల్సిన ప్రశ్న. కొత్త అపార్ట్‌మెంట్లలో కింద సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంటుంది, వారానికోసారి ఉప్పు బస్తాలు వేస్తుంటారు. అది కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి చోట సోడియం పెడుతుంది. కుళాయిల మీద పొర కట్టదు, గీజరు పాడవదు. కానీ టీడీఎస్ తగ్గదు. చేపకు కావలసిన కాల్షియం పోతుంది, అక్కర్లేని సోడియం వస్తుంది.

గచ్చిబౌలి వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఒకరింట్లో ప్లాటీలు బక్కచిక్కిపోతున్నాయి, నత్తల గుల్లలు తెల్లగా గుంటలు పడుతున్నాయి. టీడీఎస్ 600 ఉంది కాబట్టి నీళ్లు గట్టివేనని వాళ్ల నమ్మకం. జీహెచ్ కొలిస్తే ఒక్క చుక్కకే రంగు మారిపోయింది, అంటే కాల్షియం ఇంచుమించు లేనట్టే. కింద ప్లాంటు ముందున్న బోరు కుళాయి నుంచి డ్రమ్ముతో తెచ్చుకోమని చెప్పాను. అలా తెచ్చుకోవడం మొదలుపెట్టాక కొన్ని వారాలకు ప్లాటీలు తేరుకున్నాయి. మీ దగ్గర కూడా సాఫ్ట్‌నర్ ఉంటే, కలపడానికి వాడే బోరు నీళ్లు ప్లాంటుకు ముందు పట్టినవే అయి ఉండాలి.

మీ వంటింటి ఆర్‌ఓను ఎలా వాడాలి

ముందు అందులో ఏమేం బిగించి ఉందో చూడండి. స్పన్ ఫిల్టరు, కార్బన్, మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) వరకు మంచిదే. క్రిముల కోసం పెట్టే యూవీ, యూఎఫ్ ఉన్నా నష్టం లేదు, లాభమూ లేదు. ట్యాంకులో పడగానే ఆ నీళ్లలో ఎలాగూ బ్యాక్టీరియా ఉంటుంది. టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మరలో కాస్త ముడి నీళ్లు కలుస్తాయి, దాని వల్ల ఇబ్బంది లేదు, మీటరుతో కొలుచుకుంటే చాలు.

అసలు చూడాల్సింది కాపర్ కార్ట్రిడ్జి. ఈ మధ్య చాలా మెషీన్లలో ఆరోగ్యానికి మంచిదని రాగి కలిపే కార్ట్రిడ్జి పెడుతున్నారు, కొన్నింట్లో జింక్ కూడా. మనకెలా ఉన్నా రొయ్యలకు, నత్తలకు రాగి విషం. అది కూడా మెత్తటి నీళ్లలో రాగి ప్రభావం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అడ్డుపడే కాల్షియం ఉండదు. కొత్త మెషీన్ మార్చిన వారానికే చెర్రీ రొయ్యలన్నీ పోయాయని ఒకరు పిలిస్తే వెళ్లాను. మిగతా అన్ని రీడింగులూ బాగున్నాయి. మెషీన్ మూత తీస్తే రాగి కార్ట్రిడ్జి కనిపించింది.

మీదాంట్లో అలాంటిది ఉన్నా మెషీన్ మార్చక్కర్లేదు. మెంబ్రేన్ నుంచి శుద్ధి అయిన నీళ్లు బయటికి వచ్చే సన్న పైపుకు, ఖనిజాల కార్ట్రిడ్జికి ముందే, ఒక టీ జాయింటు, ఒక చిన్న వాల్వు పెట్టమని టెక్నీషియన్‌ను అడగండి. పది నిమిషాల పని. అక్కడి నుంచి నేరుగా డ్రమ్ములోకి పైపు వేసుకోవచ్చు. మెషీన్ ఆగి మళ్లీ మొదలైనప్పుడు మొదటి రెండు మూడు నిమిషాలు టీడీఎస్ ఎక్కువ వస్తుంది, ఆ నీళ్లు పక్కన పారేసి తర్వాతవి పట్టండి.

ఇంటి మెషీన్లలో సాధారణంగా ఉండేది రోజుకు 75 గ్యాలన్ల మెంబ్రేన్. అది గంటకు 12 లీటర్ల లోపు ఇస్తుంది, అదీ ప్రెషర్ బాగుంటే. మీకు వారానికి కావలసింది 30 లీటర్ల లోపే. మూడు గంటల పని. దానికోసం ఇంకో మెషీన్ ఎందుకు?

డ్రమ్ములోకి పైపు వేసినప్పుడు తప్పకుండా ఫ్లోట్ వాల్వు పెట్టండి, లేదా పక్కనే ఉండండి. పైపు వేసి బజారుకెళ్లి వచ్చేసరికి హాలంతా నీళ్లయి, కింది ఫ్లాటు వాళ్లు తలుపు కొట్టిన ఇళ్లు చూశాను.

కలిపే లెక్క

మీ ట్యాంకు లోపలి కొలత ప్రకారం 190 లీటర్ల దాకా వస్తుంది. ఇసుక, రాళ్లు, పైన ఖాళీ పోగా 165 లీటర్లు అనుకుందాం. వారానికి 40 లీటర్లు మార్చితే సుమారు నాలుగో వంతు.

గప్పీలు, టెట్రాలు కలిసి ఉన్నాయి కాబట్టి ఇద్దరికీ నడిమధ్యన టీడీఎస్ 300 లక్ష్యంగా పెట్టుకోండి. లెక్క ఇలా: కావలసిన టీడీఎస్‌లోంచి ఆర్‌ఓ టీడీఎస్ తీసేయండి. బోరు టీడీఎస్‌లోంచి కూడా ఆర్‌ఓ టీడీఎస్ తీసేయండి. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. మీ ఆర్‌ఓ 50 ఇస్తుందనుకుంటే 250ని 800తో భాగించాలి, 0.31 వస్తుంది. అంటే 40 లీటర్లలో 12 నుంచి 13 లీటర్లు బోరు నీళ్లు, మిగతా 27 లేదా 28 లీటర్లు ఆర్‌ఓ. మీ బోరు జీహెచ్ 25, కేహెచ్ 14 అనుకుంటే కలిపాక జీహెచ్ 8 దగ్గర, కేహెచ్ 4 దగ్గర వస్తుంది. ఇద్దరికీ సరిపోతుంది.

ఒకేసారి సగం నీళ్లు తీసి 300కి దించాలని చూడకండి. గట్టి నీళ్లకు అలవాటు పడ్డ చేప ఒంట్లోకి, చుట్టూ ఖనిజాలు ఒక్కసారిగా తగ్గితే నీళ్లు ఎక్కువ చొరబడతాయి, దాని ఒంటి లవణాలు బయటికి పోతాయి. వారానికి 40 లీటర్లు మాత్రమే మార్చుతూ పోతే మొదటి వారం 720 దగ్గరికి, నాలుగో వారానికి 480 దగ్గరికి దానంతటదే దిగుతుంది. ఆ వేగం చాలు.

కలిపిన నీళ్లను డ్రమ్ములో ఒక రాత్రి గాలి పట్టించి, ట్యాంకు వేడికి దగ్గరగా వచ్చాక పోయండి. ప్రతిసారీ పోసే ముందు మీటరు పెట్టండి. వేసవిలో బోరు దిగిపోయే కొద్దీ టీడీఎస్ పెరుగుతుంది, వానలు పడ్డాక తగ్గుతుంది. మార్చిలో వేసిన లెక్క జూన్‌లో పనికిరాదు.

ఆవిరైన నీళ్ల విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి: తగ్గిన మట్టానికి పోసేది ఉత్త ఆర్‌ఓ నీళ్లే. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఖనిజాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో పైన ఫ్యాను తిరిగే గదిలో మట్టం రోజురోజుకీ కళ్ల ముందే దిగుతుంది. అక్కడ బోరు నీళ్లు పోస్తూ పోతే వేసవి అయ్యేసరికి టీడీఎస్ వెయ్యి దాటిపోతుంది. చేపలకు మూల కారణం తెలియని జబ్బుల్లాంటివి చాలావరకు ఇక్కడే మొదలవుతాయని నా అనుభవం.

ఉత్త ఆర్‌ఓ నీళ్లే పోస్తే ఏమవుతుంది?

కొండాపూర్‌లో ఒకరు డిస్కస్ పెంచేవారు. మెత్తటి నీళ్లు కావాలని విని టీడీఎస్ 15 ఉన్న ఆర్‌ఓ నీళ్లే పోస్తూ వచ్చారు, ఖనిజాలు కలపలేదు. కేహెచ్ సున్నా. ఫిల్టరులోని బ్యాక్టీరియా అమ్మోనియాను మార్చేటప్పుడు ఆమ్లం పుట్టి బైకార్బొనేట్లను తినేస్తుంది. పట్టి ఉంచేది లేకపోయేసరికి పీహెచ్ 5 కిందికి జారింది. అంత ఆమ్లంలో ఆ బ్యాక్టీరియా పని కూడా దాదాపు ఆగిపోతుంది, అమ్మోనియా పేరుకుంటుంది. పీహెచ్ తక్కువ కాబట్టి అది హాని లేని రూపంలో ఉండి బయటపడలేదు. చేపలు డల్‌గా ఉన్నాయని ఆయన ఒక రోజు సగం ట్యాంకు ఖాళీ చేసి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు పోశారు. ఆ నీళ్ల దెబ్బకి పీహెచ్ ఎగబాకి, పేరుకున్నదంతా విషంగా మారింది. తెల్లారేసరికి చేపలన్నీ పోయాయి. బోరు నీళ్లు చంపాయని ఆయన అనుకున్నారు. ఖరీదైన చేపలు, ఎంతో ఇష్టంగా పెంచుకున్నవి. ఆ ఇంటి నుంచి వచ్చాక చాలా రోజులు నాకు మనసు బాలేదు.

కాబట్టి ఉత్త ఆర్‌ఓ వాడేవాళ్లు ఖనిజాలు కలిపి తీరాలి. బోరు నీళ్లు కలపలేని పరిస్థితి ఉంటే, 100 లీటర్లకు 3 గ్రాముల వంట సోడా కేహెచ్‌ను 1 డిగ్రీ పెంచుతుంది. జీహెచ్ 1 డిగ్రీకి 100 లీటర్లకు జిప్సం అయితే 3 గ్రాముల పైన కాస్త, ఎప్సమ్ సాల్ట్ అయితే నాలుగున్నర గ్రాముల లోపు. జిప్సం ఎక్కువ, ఎప్సమ్ తక్కువ ఉండేలా రెండూ కలిపి వాడండి. వంట సోడా అంటే ఉత్త సోడియం బైకార్బొనేట్, బేకింగ్ పౌడర్ కాదు.

కొనాల్సిందే అయితే

పెద్ద ట్యాంకులు, డిస్కస్, లేదా రెండు మూడు తొట్లు ఉన్నవాళ్లు విడిగా కొనుక్కోవచ్చు. అప్పుడు మెరిసే డబ్బా, డిజిటల్ డిస్‌ప్లే, ఆల్కలైన్ కార్ట్రిడ్జి లాంటివేవీ వద్దు. బ్రాండు పేరు కూడా చూడక్కర్లేదు. ఆర్‌ఓ స్పేర్ పార్టులు అమ్మే షాపులో విడిభాగాలుగా అడగండి: 5 మైక్రాన్ల స్పన్ ఫిల్టరు, కార్బన్ బ్లాక్, 75 లేదా 100 గ్యాలన్ల మెంబ్రేన్, దానికి సరిపడే ఫ్లో రిస్ట్రిక్టర్, బూస్టర్ పంపు. కార్బన్ మీద పొదుపు చేయకండి. క్లోరిన్ దాటి వెళ్తే మెంబ్రేన్ దెబ్బతింటుంది, కొత్తది పెట్టాల్సి వస్తుంది. బయటికి వచ్చే నీళ్ల టీడీఎస్, లోపలికి వెళ్లే దాంట్లో పది శాతం దాటితే మెంబ్రేన్ మార్చే సమయం వచ్చినట్టే. అంతకుముందే మార్చమని సర్వీసువాళ్లు ఫోన్ చేస్తే మీటరు పెట్టి చూసి నిర్ణయించుకోండి.

చిన్న ట్యాంకు ఉన్నవాళ్లకు ఇంకా తేలిక దారి ఉంది. వీధి చివర వాటర్ ప్లాంటులో దొరికే 20 లీటర్ల క్యాను కూడా ఆర్‌ఓ నీళ్లే. చాలా ప్లాంట్లలో ఓజోన్ పట్టిస్తారు కాబట్టి ఒక రాత్రి ఎయిర్ స్టోన్ వేసి వాడండి. టీడీఎస్ మాత్రం ప్లాంటుకో రకంగా ఉంటుంది, కొలిచి తీసుకోండి.

రిజెక్ట్ నీళ్ల గురించి కూడా ఆలోచించండి. మామూలు ఇంటి మెషీన్ 1 లీటరు ఇవ్వడానికి 3 లీటర్లు బయటికి వదిలితే, మీ వారానికి 28 లీటర్లకు 84 లీటర్లు పోతాయి. 850 టీడీఎస్ బోరుకు ఆ నీళ్లు 1100 దాకా ఉంటాయి. ఇల్లు తుడవడానికి, బాత్రూం ఫ్లష్‌కి డ్రమ్ములో పట్టుకోండి. కుండీల మొక్కలకు రోజూ పోస్తే మట్టిలో ఉప్పు పేరుకుంటుంది, వద్దు. మే నెలలో ట్యాంకరు కోసం పడిగాపులు పడే ఊళ్లో ఉంటూ అన్ని నీళ్లు మోరీలోకి వదలడానికి నాకైతే మనసు రాదు.

ప్రస్తుతానికి ఇలా చేయండి. కొత్త టెట్రాలు తేకండి. మేత సగానికి తగ్గించండి. అమ్మోనియా కనబడితే రెండు రోజులకోసారి 20 లీటర్లు మార్చండి. అప్పటికి మాత్రం గాలి పట్టించిన బోరు నీళ్లే పోయండి, ఆర్‌ఓ కలపడం అమ్మోనియా సున్నాకి వచ్చాకే మొదలుపెట్టండి. ట్యాంకు పెట్టి ఎన్నాళ్లయింది, ఏ ఫిల్టరు వాడుతున్నారు, జీహెచ్, కేహెచ్, అమ్మోనియా, నైట్రైట్ ఎంత ఉన్నాయి, అపార్ట్‌మెంటులో సాఫ్ట్‌నర్ ఉందా, మీ ఆర్‌ఓలో కాపర్ కార్ట్రిడ్జి ఉందా, ఇవి ఇక్కడే రాయండి. అవి చూసి మీ నీళ్లకు కలిపే పాళ్లు సరిగ్గా లెక్కగట్టి చెప్తాను.